రీమరు వాగింది మా బావగారి వల్ల కాదు

మా బావగారు పోయారు. మంగళవారం ఉదయం ఆరున్నరకు అక్క ఫోను చేసి, "మీ బావగారు ఎంత పిలిచినా పలకటం లేదే" అంది. రెండు వీధుల అవతలే ఇల్లు. నేను కారు తీసుకుని వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు తెచ్చిన సామాను తిరిగి సర్దుకుంటున్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. బావగారంటే మావారి అన్నయ్య. అక్కంటే ఆయన భార్య, నా తోడికోడలు. అరిజోనాలోని ఈ చాండ్లర్‌లో ఆయనా నేనూ పదకొండేళ్ళు ఒకే షాపులో పనిచేశాం. రైఫిల్ గొట్టాలు తయారుచేసే షాపు అది.

ఆ ఆదివారం గుడి హాల్లో సంతాపసభ పెట్టారు. ముగ్గురు మాట్లాడారు. మొదటాయన కమిటీ పెద్దమనిషి. "వారు మెకానికల్ సైడ్‌లో ఏదో చేసేవారు. వెరీ సింపుల్ పర్సన్" అన్నాడు. ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుని ప్రసాదం తిన్న మనిషి ఏం పని చేస్తాడో కనుక్కోవటానికి ఆయనకు తీరిక దొరకలేదన్నమాట. రెండో ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. అందులో తొమ్మిది నిమిషాలు తన డల్లస్ విమానం ఎలా ఆలస్యమైందో చెప్పాడు. మూడోవాడు మా షాపు మేనేజరు. నల్ల టై కట్టుకుని వచ్చాడు. "చివరి ఏడాది చేతులు సహకరించకపోయినా, పెట్టెలు సర్దే పనిలో కూడా ఆయన చిరునవ్వు పోగొట్టుకోలేదు. ఎప్పుడు తప్పుకోవాలో తెలిసిన మనిషి" అని ఇంగ్లీషులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు!

నేను చివరి వరసలో అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లేచి, అది అబద్ధమని చెప్పాల్సింది. చెప్పలేదు. నేను నెమ్మదిగా మాట్లాడతానని, అసలు నోరే ఎత్తనని గుడిలో అందరూ మెచ్చుకుంటూ ఉంటారు. అదేమంత మెచ్చుకోవాల్సిన గుణం కాదని నాకు ఈ మధ్యే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. ఆ ముగ్గురూ చెప్పలేదు కదా.

రైఫిల్ గొట్టం లోపల వెనకవైపు చిన్న గది ఉంటుంది. తూటా కూర్చునేది అందులోనే. ఆ గదిని తొలిచే పనిముట్టును రీమరు అంటారు. అరచెయ్యంత పొడుగుంటుంది, చుట్టూ నిలువుగా ఆరు పదునైన అంచులు ఉంటాయి. గొట్టాన్ని లేత్ మిషను మీద బిగించి తిప్పుతూ, రీమరును నెమ్మదిగా లోపలికి పంపాలి. గది గోడలు అద్దంలా రావాలి. గది వంకరగా వస్తే గురి తప్పుతుంది. మరీ పాడైతే కాల్చినవాడికే ప్రమాదం. మా దగ్గరకు వచ్చేవాళ్ళు ఎక్కువగా పోటీల వాళ్ళు, ఎక్కడో దూరాన నిలబెట్టిన కాగితానికి చిల్లులు పెట్టటానికి జీవితం ధారపోసే పెద్దమనుషులు. వాళ్ళ పిచ్చి సంగతి ఎలా ఉన్నా, మా బావగారి చేతి గది అంటే వాళ్ళు నెలల తరబడి ఆగేవారు.

రీమరు ఒక్కోసారి సాఫీగా కొయ్యకుండా వణుకుతుంది. గుర్రుమని చప్పుడు మొదలవుతుంది. లోపల గోడ గుండ్రంగా రాకుండా పలకలు పలకలుగా వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని చాటర్ అంటారు. మా బావగారు మాత్రం "వాగుడు" అనేవారు. "రీమరు వాగుతోంది" అనేవారు. పదహారో ఏట బెజవాడ ఆటోనగర్‌లో లేత్ ముందు నిలబడ్డ మనిషి. వాళ్ళ మేస్త్రి దగ్గర నేర్చుకున్న మాటో, తనే పెట్టుకున్న మాటో నేను అడగలేదు.

అడగకపోవటానికి కారణం ఉంది. మా అత్తగారింట్లో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడి మాట్లాడటం అలవాటు లేదు. ఆయన వస్తే లేచి పక్కగదిలోకి వెళ్ళాలి. అమెరికా వచ్చాక ఇవన్నీ ఎవరు చూస్తారు? అయినా ఆయనకూ నాకూ ఆ అలవాటు పోలేదు. నేను షాపులో చేరిన మొదటి రోజే చిక్కొచ్చి పడింది. పని నేర్పాలంటే మాట్లాడాలి. మాట్లాడకూడదు. ఆయన కాసేపు ఆలోచించి, లేత్ వైపు తిరిగి, దాన్ని చేత్తో తట్టి అన్నారు:

"ఏమ్మా, మా మరదలికి చెప్పు. రీమర్లు కడిగేటప్పుడు చేతికి గ్లోవు వేసుకోమను. వేలు తెగితే మా తమ్ముడు నన్నంటాడు."

నేనూ లేత్ వైపే చూస్తూ, "అలాగే వేసుకుంటానని చెప్పు" అన్నాను.

పదేళ్ళు అలాగే గడిచింది. నాకు చెప్పాల్సింది ఆయన మిషనుకు చెప్పేవారు. నేను మిషనుకే జవాబిచ్చేదాన్ని. రీమర్లు శుభ్రం చేసి, వాటి ముక్కుకు తగిన ఉంగరం తొడిగి, ట్రేలో పెట్టి ఆయనకు అందించటం నా పని. క్రమంగా లేత్ నడపటం కూడా నేర్పారు, అదీ లేత్‌కు చెప్పే నేర్పారు. "గొట్టానికి తొందర లేదని చెప్పమ్మా. తొందరెవరిదో ఆవిడనే అడుగు" అనేవారు. పక్క మిషన్ల వాళ్ళు మొదట వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు.

మా గుడి ఆడవాళ్ళు మాత్రం నా ఉద్యోగానికి అలవాటు పడలేదు. ఒకసారి ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చుని పలకరించింది.

"మీరు ఏ కంపెనీ అండీ?"

"కంపెనీ కాదండీ, మిషన్ షాపు. రైఫిల్ బ్యారెళ్ళు చేస్తారు."

"అమ్మో, గన్సా! మీరు అంత పూజలు చేస్తారు కదండీ, ఎలా వెళ్తారు?" అని, నేను జవాబిచ్చే లోపే, "అక్కడ మీ రోల్ ఏంటి?" అంది.

"రీమర్లు కడుగుతాను."

"ఓ, క్లీనింగా" అంది. అంతే, అటు తిరిగి పక్కావిడతో ఇళ్ళ ధరలు మాట్లాడుకుంది. ఆవిడ భర్త కంప్యూటరు చిప్పుల కంపెనీలో ఏం కడుగుతాడో నేనేమైనా అడిగానా?

ఆ మాట ఆ తర్వాతి రోజు లేత్‌కు చెప్పాను. బావగారు నవ్వలేదు. రీమరును గుడ్డతో తుడుస్తూ, "కడగటం రానివాడికి కొయ్యటం రాదని చెప్పు" అన్నారు. నాకు అది చాలు.

వాగుడు వచ్చినప్పుడు ఆయన చేసే పద్ధతి వేరు. అందరూ చేసే తప్పు ఏమిటంటే, ఇంకాస్త నెట్టితే అదే సర్దుకుంటుందని నెట్టటం. అది సర్దుకోదు. మొదటి చుట్టులో పడిన గాడిలోకే రెండో అంచు దిగుతుంది, దాన్ని ఇంకా లోతు చేస్తుంది. చప్పుడు విన్న క్షణంలోనే ఆయన మిషను ఆపేసేవారు. "వాగేవాణ్ణి నెట్టకూడదమ్మా, ఆపాలి" అని లేత్‌కు చెప్పేవారు. తర్వాత ఒక్కొక్కటే చూసేవారు: వేగం ఎక్కువైందా, నూనె అందుతోందా, పొట్టు ఇరుక్కుందా, గొట్టం తిన్నగా బిగిసిందా, అంచు మొద్దుబారిందా. ఏదీ కాకపోతే తన పాత పంచెలోంచి చింపిన మెత్తటి నూలు గుడ్డ ముక్కను నూనెలో తడిపి, రీమరు చుట్టూ ఒక పొర కప్పి, మళ్ళీ నెమ్మదిగా పంపేవారు. ఆ గుడ్డ వణుకును మింగేస్తుంది. అక్క ఆయన పాత పంచెలు ఎప్పుడూ బయట పారెయ్యలేదు. నా చేత షాపుకే పంపేది.

ఒకసారి ఒక కస్టమరు తన ఫోనులో వీడియో చూపించాడు. అందులో ఒకడు చప్పుడు పోవటానికి రీమరును మరీ గట్టిగా నొక్కమని చెబుతున్నాడు. లక్షల మంది చూశారట. బావగారు మర్యాదగా చివరిదాకా చూసి, ఫోను తిరిగిచ్చి, "నైస్ షర్ట్" అన్నారు. ఆ వీడియోలో మెచ్చుకోదగ్గది అదొక్కటే.

మేనేజరు మా దగ్గరకు వచ్చి మూడేళ్ళయింది. ఆపరేషన్స్‌లో పెద్ద చదువు చదివాడట. అతని చేతి గోళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. కాఫీ కప్పు పట్టుకుని మిషన్ల మధ్య తిరుగుతాడు. ఏ గొట్టాన్నీ ముట్టుకోగా నేను చూడలేదు. ఎవరు ఏ పని ఎన్ని నిమిషాల్లో చేశారో మాత్రం చూస్తాడు. అతనికి మా బావగారి నిమిషాలు నచ్చలేదు.

ఇక అసలు సంగతి.

పోయిన ఏడాదికి ముందు ఏడాది దసరా అది. ఆటోనగర్‌లో ఆ రోజు ప్రతి లేత్‌కూ పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, పూలదండ వేస్తారట. నేను చేరినప్పటి నుంచీ మధ్యాహ్నం భోజనాల వేళ చడీచప్పుడు లేకుండా మా లేత్ నుదుట ఒక బొట్టు, రీమర్ల పెట్టె మూత మీద ఒక బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ ఏడు నాకు ఒక ఆలోచన వచ్చింది. పెట్టె ఆయుధం కాదు కదా, అసలు ఆయుధం లోపల ఉంది కదా అనుకున్నాను. మూత తీసి, పసుపు తడిపి, కుంకుమ అద్ది, అయిదు రీమర్లకూ ముక్కు మీద ఒక్కొక్క బొట్టు పెట్టాను. చాలా భక్తిగా పెట్టాను.

రీమరు ముక్కుకు ఉంగరం తొడుగుతానని చెప్పాను కదా, మిరియపు గింజంత ఉంటుంది. అది గొట్టం రంధ్రంలోకి దూరి, రీమరు పక్కకు పోకుండా దారి చూపిస్తుంది. వేలితో కదిపితే అది అడ్డం లేకుండా తిరగాలి. నేను పెట్టిన బొట్టు ఆ ఉంగరం సందులోకి దిగింది. ఈ ఎండలో తడి ఏదైనా కాసేపట్లో ఆరిపోయి గట్టిపడుతుంది. మర్నాడు ఉదయం పైపైన కనిపించిన ఎరుపు తుడిచాను. రోజూ ఉంగరాన్ని వేలితో తిప్పి చూసేదాన్ని. ఆ రోజు తిప్పలేదు. గుడి నుంచి తెచ్చిన పులిహోర అందరికీ పంచుతున్నాను. ట్రే తీసుకెళ్ళి బావగారి ముందు పెట్టేశాను. నా చేతి నుంచి వచ్చిన రీమరును ఆయన మళ్ళీ చూసుకునేవారు కాదు. పదేళ్ళలో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

మొదటి గొట్టం వాగింది. ఆయన ఆపారు. వేగం తగ్గించారు. వాగింది. నూనె పెంచారు, గుడ్డ కప్పారు. వాగింది. గొట్టం తీసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ఆరు పలకలు. రీమరు మొద్దుబారిందేమోనని, ఇంకో గొట్టానికి అదే సైజు రెండో రీమరు తీసుకున్నారు. దానికీ నా బొట్టే. అదీ వాగింది. ఆ గొట్టాలు రెండూ కస్టమరు స్వయంగా ఎంచుకుని పంపినవి. పాడైన మేర కోసేస్తే పొట్టివైపోతాయి, ఆ కస్టమరు తీసుకోడు. షాపులో అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. మా బావగారి మిషను అంతసేపు వాగటం ఎవరూ వినలేదు.

మేనేజరు కాఫీ కప్పుతో వచ్చాడు.

"హే, ఏమైంది?"

"తెలియటం లేదు. ఒక్క రోజు టైమివ్వు, కనుక్కుంటాను" అన్నారు బావగారు.

"నీకు ఇప్పుడు ఎన్నేళ్ళు?"

బావగారు చెప్పారు. మేనేజరు అయ్యో అన్నట్టు తలాడించాడు. నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు ఆయన ఫ్యామిలీ కదా. నిజం చెప్పు. ఆయన మిషనుతో మాట్లాడతాడు కదా? నేను విన్నాను. చాలా రోజుల నుంచీ ఉందా అది?"

ఆయన మాట్లాడేది నాతో అని చెప్పాలి. మాకొక పద్ధతి ఉందని, ఆ పద్ధతి ప్రకారం ఆయన బుద్ధి నీకంటే నూరుపాళ్ళు నేరుగా ఉందని చెప్పాలి. ఇంగ్లీషులో అదంతా ఎలా చెప్పాలో తెలియక తల దించుకున్నాను. తల దించుకోవటమే జవాబనుకున్నాడు ఆ చదువుకున్న మనిషి. ఆ రెండు గొట్టాల పని వివరాలుండే కార్డుల మీద "ఆపరేటర్ ఎర్రర్, వయసు" అని రాసి, రేపటి నుంచి ప్యాకింగ్‌కు వెళ్ళమని బావగారికి చెప్పాడు. రెస్ట్ తీసుకున్నట్టుంటుందట.

సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే బావగారు ట్రేలోంచి రీమరు తీసి, చూపుడువేలితో ఉంగరాన్ని కదిపారు. అది తిరగలేదు. గోటితో గీకారు. గోటికి పచ్చగా అంటింది. వాసన చూశారు. తర్వాత లేత్ వైపు తిరిగి, ఎప్పటిలాగే మెల్లగా అన్నారు:

"చూడమ్మా, నుదుట పెట్టాల్సిన బొట్టు ముక్కుకు పెడితే ఊపిరెలా ఆడుతుందని చెప్పు."

"ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానని చెప్పు" అన్నాను.

"వద్దని చెప్పు. తమ్ముడికి ఉద్యోగం లేదు. వాడి బీపీ మందులూ, షుగరు మందులూ, ఆ ఇంటి ఇన్సూరెన్సంతా ఈవిడ పని మీదే నడుస్తోంది. ఆ మేనేజరు ఈవిణ్ణి ఒక్క పూట కూడా ఉంచడు. నాకంటే గవర్నమెంటు వాళ్ళ మెడికేర్ ఉంది. నాకు పోయేదేముంది, పేరేగా."

అయిదు ఉంగరాలూ విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తొడిగి వెళ్ళిపోయారు.

పేరేగా అన్నారు. యాభై ఏళ్ళకు పైగా కూడబెట్టుకున్నది ఆ ఒక్కటే. నేను ఏం చేశానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. మేనేజరును ఇన్ని మాటలన్నాను కదా, అతనికి నిజం తెలియదు. నాకు తెలుసు. తెలిసీ హమ్మయ్య అనుకున్న మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. ఆ శుక్రవారం కూడా లలితా సహస్రనామం తప్పకుండా చదువుకున్నాను.

ఆయన ఏడాదికి పైగా పెట్టెలు సర్దారు. గొట్టాన్ని నూనె కాగితంలో చుట్టటం, అట్టపెట్టెలో పెట్టటం, టేపు వెయ్యటం. అదీ ఎంత శ్రద్ధగా చేసేవారంటే టేపు మూలలు కొలిచి కోసినట్టు ఉండేవి. మేనేజరు తెప్పించిన కంప్యూటరు మిషను గదులు తొలిచేది. బావగారి లేత్ మీద ప్లాస్టిక్ పట్టా కప్పేశారు. పాత కస్టమర్లు ఫోను చేసి ఆయన్ను అడిగితే మేనేజరు, "హి హాజ్ స్టెప్డ్ బ్యాక్" అని చెప్పేవాడు, ఏదో సన్మానం చేసినట్టు.

అన్నిటికంటే నన్ను కోసేది ఒకటి ఉంది. ప్యాకింగ్ మూలలో లేత్ లేదు. మా ఇద్దరి మధ్యా మాట్లాడుకోవటానికి మిషను లేకుండా పోయింది. ఒకటి రెండుసార్లు ఆయన అట్టపెట్టె వైపు తిరిగి నోరు తెరిచారు. పెట్టెతో మాట్లాడటం ఆయనకు చేతకాలేదు. నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఆయన బల్ల మీద పెట్టేదాన్ని, ఆయన తిని కడిగి నా బల్ల మీద పెట్టేవారు. అంతే. ఎదురుగా నిలబడి "బావగారూ, నన్ను క్షమించండి" అనటానికి మా అత్తగారి పద్ధతి అడ్డొచ్చిందని అనుకునేదాన్ని. పద్ధతి కాదు, పిరికితనం. మావారికి పోయిన ఏప్రిల్‌లోనే ఉద్యోగం దొరికింది. ఇన్సూరెన్సు కూడా మారింది. ఆ రోజే వెళ్ళి చెప్పొచ్చు. చెప్పలేదు. రేపు, వచ్చే వారం, పండగయ్యాక అనుకుంటూ ఉన్నాను. ఆయన మంగళవారం నిద్రలోంచి లేవలేదు.

పన్నెండో రోజు అయ్యాక షాపుకు వెళ్ళాను. మేనేజరు గదిలోకి పిలిచి, "సారీ ఫర్ యువర్ లాస్" అన్నాడు. నేను నిలబడే చెప్పాను. ఆ రోజు రీమర్లు వాగింది నా వల్ల, ఆయన వల్ల కాదు, కార్డుల మీద రాసింది కొట్టెయ్యండి అని. బొట్టు సంగతంతా చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను.

అతను ఓపిగ్గా విన్నాడు. "టర్మరిక్? వంటల్లో వేసేదా?" అన్నాడు.

"అవును."

"లిసన్. నువ్వు బాధలో ఉన్నావు. ఆయన మీద గౌరవంతో తప్పు నీ మీద వేసుకుంటున్నావు. అది చాలా స్వీట్. కానీ మసాలా పొడి వల్ల స్టీలు పాడవదు" అన్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు మాట్లాడుకోవటానికి ఒక ఫోను నంబరుందని కాగితం మీద రాసిచ్చాడు.

నేను ఆ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేశాను. అతని ఎదురుగానే వేశాను. నా జీవితంలో ఒక మగవాడి ఎదుట నేను చేసిన అతి పెద్ద అమర్యాద అదే.

బయటికి వచ్చి లేత్ మీది పట్టా లాగేశాను. పనికిరాని గొట్టం ముక్క ఒకటి తెచ్చి బిగించాను. రీమరు తీసి, ఉంగరం తిప్పి చూసి, నూనె వేసి, ఆయన నేర్పినట్టే మెల్లగా పంపాను. చప్పుడు లేదు. సన్నటి పొట్టు మాత్రం వస్తోంది. కంప్యూటరు మిషను దగ్గరున్నాయన పని ఆపి వచ్చాడు. ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టాను. రెండో ముక్క బిగించాను. హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు కుంకుమల భరిణ తీసి, రీమరు ముక్కు మీద ఆ రోజు పెట్టినంత బొట్టే పెట్టాను. ఫ్యాను ముందు పట్టుకుని నిలబడ్డాను. అది ఎండేలోగా పక్క మిషన్ల వాళ్ళంతా చుట్టూ చేరారు. పైపైన తుడిచాను. మిషను తిప్పాను.

వాగింది. షాపు రేకుల కప్పు మోగేటట్టు వాగింది. నేను ఆపలేదు. ఆయన ఉంటే ఊరుకునేవారు కాదు. కానీ ఆ రోజు దాన్ని అందరూ వినేదాకా వాగనివ్వాలి. మేనేజరు గది తలుపు తెరుచుకున్నాక ఆపాను.

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి టార్చిలైటు బల్ల మీద ఉంచాను. "చూడండి" అన్నాను. గట్టిగానే అన్నాను. ఒక్కొక్కరే వచ్చి, ఒక కన్ను మూసుకుని, మొదటి ముక్కలోకి చూశారు, రెండో ముక్కలోకి చూశారు. మొదటిది అద్దం. రెండోదానిలో ఆరు పలకలు. వెల్డింగు ఆయన టోపీ తీసేసి మళ్ళీ చూశాడు. చూసినవాళ్ళు పక్కకు తప్పుకుని, చేతులు కట్టుకుని, ఇంకా చూడని ఒక్క మనిషి వైపు తిరిగి నిలబడ్డారు.

మేనేజరు బాగా పొడుగరి. ఆ బల్ల పొట్టిది. చూడాలంటే అతను వంగాల్సి వచ్చింది. కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి నేల మీద పెట్టి, టై జారకుండా ఒక చేత్తో గుండెకు అదుముకుని, నడుము వంచి ఆ రంధ్రంలోకి కన్ను పెట్టాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.